పెంపుడు పిల్లి కరుస్తోందా? కరవడానికి ముందు నిమిషం చూడండి

"మా పిల్లికి పొగరెక్కింది, ఊరికే కరుస్తోంది" అని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒక్కటే: కరవడానికి ముందు ఏం జరిగింది? గాటు ఎంత లోతో చెబుతారు, రక్తం ఎంత కారిందో చెబుతారు. అంతకు నిమిషం ముందు పిల్లి ఎక్కడ కూర్చుందో, ఎటు చూస్తోందో మాత్రం చెప్పలేరు. చాలాసార్లు కారణం ఉండేది ఆ నిమిషంలోనే.

ముందు గాయం సంగతి. పిల్లి పంటి గాటు పైకి చుక్కలా కనబడినా లోతుగా దిగుతుంది, ఒక్క రోజులోనే వాచి చీము పట్టొచ్చు. కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించండి. పసుపు, కాఫీపొడి అద్దకండి. పిల్లికి టీకా వేయించాం కదా అని ఊరుకోకండి, మీకు రేబిస్ ఇంజెక్షన్లు కావాలో వద్దో తేల్చాల్సింది డాక్టరే. హైదరాబాద్‌లో అయితే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఆ టీకాలు వేస్తారు.

సమస్య: నడుస్తుంటే కాళ్ల మీద పడుతుంది, చెయ్యి పట్టి కొరుకుతుంది

ఏడాది లోపు పిల్లయితే ముందు చూడాల్సింది ఇంట్లో ఎవరు చేత్తో ఆడిస్తున్నారని. "మా ఇంట్లో ఎవరూ ఆడించరండీ" అంటారు. కాసేపు కూర్చుని చూస్తే దుప్పటి కింద వేళ్లు కదిపే బాబాయో, పిల్లి పొట్ట మీద గిలిగింతలు పెట్టే అబ్బాయో కనబడతారు. చెయ్యే బొమ్మ అని మీరే నేర్పి, అది కొరికితే కొట్టడం అన్యాయం. ఎనిమిది వారాలు నిండకుండా తల్లి దగ్గర్నుంచి తెచ్చిన కూనలకు ఇది ఇంకా ఎక్కువ. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పో అవి తోడబుట్టినవాటితో కుస్తీ పడుతూనే నేర్చుకుంటాయి.

కర్రకు తాడు, తాడుకు ఓ గుడ్డముక్క కట్టండి. పిల్లులకు హుషారు పుట్టేది తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడు. ఆ రెండు వేళల్లో పావుగంట చొప్పున ఆడించి, వెంటనే తిండి పెట్టండి. కొరికితే చెయ్యి లాక్కోకండి, లాగితే ఇంకా బిగించి పడుతుంది. కదలకుండా ఆగి, వదలగానే లేచి వెళ్లిపోండి. ఇంట్లో అందరూ ఇదే చేయాలి, ఒక్కరు తప్పినా పని జరగదు. కొట్టడం, మొహాన నీళ్లు చల్లడం వద్దు. అప్పటిదాకా ఆటకు కరిచేది ఇక భయంతో కరుస్తుంది.

సమస్య: ఒళ్లో పెట్టుకుని నిమురుతుంటే కరుస్తోంది

చాలు అని ముందే చెప్పింది, మీరు చూడలేదు. తోక కొస టపటపలాడటం, చెవులు వెనక్కి తిరగడం, వీపు మీద చర్మం అదరడం, వీటిలో ఏది కనబడినా చెయ్యి తీసేయండి. బుగ్గలు, చెవుల మధ్య నిమరండి. పొట్ట జోలికి పోవద్దు.

సమస్య: మెత్తగా ఉండే పిల్లి ఏ కారణమూ లేకుండా మీదపడి గట్టిగా కరిచింది

అందరినీ మోసం చేసేది ఇదే. పిల్లికి పిచ్చెక్కిందనుకుని వదిలించుకున్నవాళ్లను చూశాను. నిజానికి ఇది అత్త మీద కోపం దుత్త మీద చూపడం. బాల్కనీ పావురాల వల వెనక కూర్చుని మీ పిల్లి కిందికి చూస్తుంది. ప్రహరీ గోడ మీద వీధి మగపిల్లి నడిచి వెళ్తుంది. దాన్ని అందుకోలేదు, కోపం దిగదు. సరిగ్గా అప్పుడే ఆరిన బట్టలు తీయడానికి అమ్మమ్మ వెళ్తుంది. గాటు ఆమె కాలి పిక్కకు పడుతుంది. ఈ కోపం ఒక్కోసారి గంటల తరబడి దిగదు. మధ్యాహ్నం గోడ మీద పిల్లిని చూసి సాయంత్రం మిమ్మల్ని కరిస్తే, ఈ రెంటికీ ముడి ఉందని ఎవరికి తడుతుంది?

కళ్లకు ఏమీ కనబడకపోయినా వాసన చాలు. గుమ్మం బయట చెప్పుల స్టాండు మీద వీధి పిల్లి మూత్రం చిమ్మి పోతే, తలుపు లోపలున్న మీ పిల్లి రగిలిపోతుంది. కరిచిన చోటు ప్రతిసారీ బాల్కనీయో, కిటికీయో, వీధి గుమ్మమో అయితే అనుమానం అక్కర్లేదు, ఇదే.

ఆ క్షణంలో ఎత్తుకోవద్దు, బుజ్జగించొద్దు, అరవొద్దు. మధ్యలో దిండో అట్టపెట్టో అడ్డం పెట్టుకుని ఒక గదిలోకి పంపి, లైటు తీసి, నీళ్లూ లిట్టర్ ట్రే (పిల్లి మలమూత్రాలకు వాడే తొట్టి) పెట్టి తలుపు మూసేయండి. మామూలుగా తిండి తినేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. ఇంట్లో రెండో పిల్లి ఉంటే దాన్నీ దూరంగా ఉంచండి, మొదటి దెబ్బ దానికే తగులుతుంది.

తర్వాత అసలు పని. బాల్కనీ అద్దానికి కింది సగం మసక స్టిక్కర్ అంటించండి. చీకటి పడేవేళ ఆ తలుపు మూయండి. మిగిలిన అన్నం మెట్ల దగ్గర పెట్టడం మానండి. పెట్టాలనుంటే గేటుకు దూరంగా పెట్టండి. గుమ్మం దగ్గర మూత్రం మరకలకు ఫినాయిల్ వాడకండి, అది పిల్లికి విషం. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్‌తో తుడవండి. ఆ వీధి మగపిల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించగలిగితే మీ పిల్లికీ, దానికీ ఇద్దరికీ మేలు.

సమస్య: ఎన్నడూ కరవని పెద్ద పిల్లి, ముట్టుకుంటే చాలు కరుస్తోంది

నొప్పి. పళ్లో, కీళ్లో, దెబ్బో. ఇంట్లో ఉంది కదా అని పారాసెటమాల్ అస్సలు వేయకండి, ఒక్క మాత్రతో పిల్లి చచ్చిపోవచ్చు. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతూ మూత్రం రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ గంటలోనే డాక్టరు దగ్గరుండాలి. మిగతా నొప్పులకు నారాయణగూడ పశువుల ఆసుపత్రికో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకో తీసుకెళ్లండి.

థైరాయిడ్, ఫిట్స్ లాంటివి కూడా కారణం కావచ్చు, డాక్టరు పరీక్షలో తేలతాయి. టీకా లేని పిల్లి బయట కరిపించుకుని వచ్చి, ఆ తర్వాత ప్రవర్తన మారి చొంగ కారుస్తుంటే మాత్రం అది రేబిస్ కావచ్చు, దగ్గరికి పోకండి, గది మూసి పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి.