ఆల్దో వెనకే బట్: నా మెయిళ్లలో తప్పు ఎలా సరిచేసుకున్నానంటే

"ఆల్దో ద బస్ వాజ్ స్టక్ ఎట్ సిల్క్ బోర్డ్, బట్ ఐ రీచ్డ్ ఆన్ టైమ్." బెంగళూరు ఆఫీసుల్లో మన తెలుగువాళ్ల మెయిళ్లలో తరచూ తగిలే వాక్యం ఇది. "బస్సు ఇరుక్కుపోయినా" అన్నప్పుడు చివరి "నా" క్రియకు అతుక్కునే పని కానిచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో దానికి విడిగా ఒక మాట కావాలి, కానీ ఒక్కటే. ఆల్దో ఉంచితే బట్ తీసెయ్యాలి, కామా మాత్రం ఉండాలి. బట్ మీద మోజుంటే ఆల్దో పోవాలి. బికాజ్, సో జంటకూ ఇదే మందు.

అన్‌లెస్ ఇంకా మొండిది. "నువ్వు రాకపోతే నేను వెళ్లను" అనడానికి "అన్‌లెస్ యు డోంట్ కమ్, ఐ వోంట్ గో" అని రాసేస్తాం. అన్‌లెస్ కడుపులోనే ఒక నాట్ ఉంది. ఇంకోటి పెడితే అర్థం తిరగబడి, నువ్వొస్తే నేను వెళ్లనని అవుతుంది! "అన్‌లెస్ యు కమ్, ఐ వోంట్ గో" చాలు.

డిస్పైట్ అసలు కంజంక్షనే (రెండు వాక్యాల్ని కలిపే మాటే) కాదు. వెనక నామవాచకం రావాలి, ఆఫ్ తగలకూడదు: డిస్పైట్ ద రెయిన్. ఆఫ్ కావాలంటే ఇన్ స్పైట్ ఆఫ్ ఉంది.

మెయిల్ పంపేముందు అందులో ఆల్దో, బికాజ్, అన్‌లెస్ వరసగా వెతకండి. దొరికిన ప్రతిచోటా ఫుల్‌స్టాప్ దాకా చదవండి. మొదటి రెంటికీ జతగా బట్, సో కనిపిస్తే కొట్టేయండి. అన్‌లెస్ పక్కన నాట్ ఉంటే అర్థం మళ్లీ చూసుకోండి.