చెన్నై వానలకు ముందు ముసలి గుర్రం గిట్టల జాగ్రత్తలు

అక్టోబర్ నడిమికి చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటే డిసెంబర్ దాకా వదలవు. ముందుకాళ్ళ గిట్టల్లో ఏళ్ళ తరబడి నొప్పి ఉన్న పదిహేను, ఇరవయ్యేళ్ళ గుర్రానికి ఇవే గడ్డు నెలలు. "అది ఎప్పుడూ కుంటేదేగా" అనే మాట దగ్గరే అసలు ప్రమాదం ఉంది. పాత కుంటు చాటున గిట్టలో చీము పట్టినా, ల్యామినైటిస్ (గిట్ట గోడను ఎముకకు పట్టి ఉంచే పొర వాచే జబ్బు) మొదలైనా రెండు మూడు రోజులు ఎవరికీ తట్టదు.

అందుకే సెప్టెంబర్‌లోనే పాత కుంటు ఎంతో గుర్తుపెట్టుకోండి. గట్టి, చదునైన నేల మీద సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) తాడు వదులుగా పట్టుకుని పాతిక మీటర్లు నడిపించాలి, తర్వాత నెమ్మది పరుగు (ట్రాట్) తీయించాలి. ముందునుంచి, పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయండి. నొప్పి ఉన్న ముందుకాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, మంచి కాలు ఆనినప్పుడు వంగుతుంది. రెండు కాళ్ళూ నొప్పిగా ఉంటే తల ఊగదు, అడుగులు పొట్టివవుతాయి, అంతే. వారానికోసారి అదే చోట తీసి పోల్చండి.

నాడి చూడటం రోజువారీ పని. గిట్టకు పైన ఉండే ఫెట్‌లాక్ కీలు వెనక, రెండు పక్కలా రెండు వేళ్ళు తేలిగ్గా ఆనించండి. మామూలుగా అది దొరకడమే కష్టం. టపటపా కొట్టుకుంటూ వేళ్ళకు తగిలిందంటే గిట్టలో వాపు ఉన్నట్టు. బాగున్న రోజున నాలుగు కాళ్ళూ తడిమి అలవాటు చేసుకుంటేనే బాగోలేని రోజున తేడా తెలుస్తుంది.

లాడాలు వానలు మొదలవక ముందే మార్పించండి. ఆ తర్వాత ఐదు వారాలు దాటనివ్వద్దు. గిట్ట నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ముందుభాగం పొడుగైన కొద్దీ అడుగు ఎత్తేటప్పుడు కాలి వెనక ఉండే స్నాయువు లాగి గిట్ట లోపలి చిన్న నావిక్యులర్ ఎముకను నొక్కుతుంది. ముందు అంచు గుండ్రంగా తీసి, మడమకు ఆసరా ఉండేలా లాడం కాస్త వెనక్కి ఉంచమనండి. మడమ ఎత్తు మాత్రం ఒక్కసారిగా మార్చనివ్వద్దు. పాత నొప్పి అయితే లాడం తీసి పక్కనుంచి ఎక్స్‌రే తీయించి, అది చూసి చెక్కించడం మేలు. వేపేరిలోని మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రిలో ముందుగా అడిగి చూడండి.

తడికి గిట్ట గోడ మెత్తబడి మేకులు వదులవుతాయి, గిట్ట అడుగుభాగం పలచబడి చిన్న రాయి కూడా గుచ్చుకుంటుంది. తడిసిన గిట్టకు కొబ్బరినూనె పూస్తే తడి లోపలే ఉండిపోతుంది, వానాకాలంలో ఆ అలవాటు మానండి. రోజుకు రెండుసార్లు గిట్ట గీకే కొక్కెంతో మడమ నుంచి ముందుకు గీకండి. ఫ్రాగ్ (గిట్ట అడుగున మధ్యలో ఉండే మెత్తటి ముక్కోణపు భాగం) పక్క గాడుల్లో నల్లటి జిగురు, కుళ్ళు వాసన ఉంటే థ్రష్ అనే కుళ్ళు జబ్బు. ఫ్రాగ్ మధ్య చీలికలోకి కొక్కెం మొన దిగిపోయి గుర్రం కాలు లాక్కుంటే అది లోతుకు పోయిందన్నమాట, మడమ నొప్పికి సగం కారణం అదే కావచ్చు. పొడిగా తుడిచి, పావిడోన్ అయొడిన్ తడిపిన దూది చీలికలో ఉంచి రోజూ మార్చండి. సిమెంటు నేల మీద రబ్బరు చాప, దానిపై జానెడు పొడి ఊక లేదా వరిగడ్డి ఉండాలి. రెండు వారాలకు సరిపడా పొడి గడ్డి చెక్కల మీద ఎత్తుగా దాచుకోండి. బూజు పట్టినది వేయడం కంటే వేయకపోవడమే నయం.

వానల్లో గుర్రం ఊరికే నిలబడి ఉంటుంది కాబట్టి దాణా తగ్గించండి. 450 కిలోల గుర్రానికి రోజుకు ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండుగడ్డి చాలు. ప్రేమతో పెట్టే బెల్లం ల్యామినైటిస్ వచ్చిన గుర్రానికి విషం లాంటిది. ఎండాకాలంలో కూడా పొడవాటి బొచ్చు రాలకపోతే కుషింగ్స్ (ముసలి గుర్రాలకు వచ్చే హార్మోన్ల జబ్బు) ఉందేమో రక్తపరీక్ష చేయించండి.

నొప్పి మందు డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. ఫెనైల్‌బ్యూటజోన్‌తో పాటు మరో నొప్పి మందు కలిపితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. డైక్లోఫెనాక్ పశువుల వాడకానికి 2006 నుంచే నిషిద్ధం. మందు వేసి సవారీకి పంపడమంటే నొప్పిని దాచి గాయాన్ని పెంచడమే.

నిన్న మామూలుగా నడిచిన కాలు ఇవాళ నేలకు ఆనించకపోతే చీము పట్టి ఉండొచ్చు. సైసును కత్తితో తవ్వనివ్వకండి, రంధ్రం పెద్దదైతే లోపలి కండ బయటికి పొడుచుకొస్తుంది. డాక్టరు వచ్చేలోగా గోరువెచ్చని నీళ్ళలో ఎప్సం సాల్ట్ కలిపి ఇరవై నిమిషాలు నానబెట్టి, పసిపిల్లల డైపర్ చుట్టి, పైన వెడల్పాటి టేపు వేయండి. టేపు బొచ్చు మీదికి బిగుతుగా ఎక్కితే రక్తం ఆగుతుంది. ధనుర్వాతం టీకా ఏడాదికోసారి పడిందో లేదో ఇప్పుడే చూసుకోండి.

ముందుకాళ్ళు ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి, తిరగమంటే తిరగలేకపోతే ల్యామినైటిస్ అనుకోవాలి. ఒక్క అడుగు నడిపించొద్దు. దాణా ఆపి, మోకాలి కింద దాకా ఐసునీళ్ళలో కాళ్ళు ఉంచండి, ఐసు కరిగిన కొద్దీ వేస్తూనే ఉండాలి. కాశిమేడు చేపల రేవు దగ్గర ఐసు బార్లు దొరుకుతాయి. దగ్గర్లో ఐసు తెల్లవారుజామున ఎవరిస్తారో, వాళ్ళ ఫోన్ నంబరేమిటో ఇప్పుడే కనుక్కుని గుర్రపుశాల తలుపు మీద రాసిపెట్టండి.