సోలార్ వేడినీళ్ల లైన్లో గాలి తీయడం, బాత్రూములన్నిటికీ సమంగా పంచడం

సంక్రాంతికి ముందు వారం నాకు తీరిక ఉండదు. హైదరాబాద్‌లో సైనిక్‌పురి, నేరేడ్‌మెట్, ఏఎస్ రావు నగర్ వైపు ఏ ఫోనెత్తినా ఒకటే మాట: "పండక్కని ట్యాంకు కడిగించాం, అప్పట్నుంచి పై బాత్రూములో వేడినీళ్లు రావట్లేదు." నేను వెళ్లేసరికి కొందరు మిక్సరే (వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే నల్లా) మార్పించేసి ఉంటారు. ఇంకొందరు ప్రెషర్ పంపు కోసం రాణీగంజ్ బయల్దేరుతూ ఉంటారు. అయ్యా, ముందు ఆగండి. ట్యాంకు కడిగిన మర్నాడు మొదలైన తంటా అయితే అది లైన్లో గాలి పట్టడమే అయ్యుంటుంది. ఆ గాలిని మీరే తీసుకోవచ్చు, దానికి పానా కూడా అక్కర్లేదు. చాలా ఇళ్లలో డబ్బు వృథాగా పోతుంటే చూసి, చూసి, నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

ట్యాంకు ఖాళీ చేసినప్పుడు వేడినీళ్ల పైపులో నీళ్లు కిందికి దిగిపోతాయి, ఆ జాగాలోకి గాలి దూరుతుంది. ట్యాంకు కడగకపోయినా కొంత గాలి ఎలాగూ చేరుతుంది. చన్నీళ్లలో కరిగి ఉన్న గాలి, నీళ్లు వేడెక్కేకొద్దీ విడిపోతుంది. స్టవ్ మీద గిన్నెలో నీళ్లు మరగకముందే అడుగున సన్నటి బుడగలు అంటుకుని ఉంటాయే, అదే. ఈ గాలంతా పైపులో ఎత్తుగా ఉన్నచోట కూడుకుంటుంది. మన ఇళ్లలో సోలార్ నుంచి వచ్చే పైపు మేడ మీద స్లాబు వెంట పోయి, పిట్టగోడ ఎక్కి, మళ్లీ కిందికి దిగుతుంది. ఆ ఎక్కిదిగే వంపే గాలికి ఇల్లు.

పది మీటర్ల ఎత్తు నీళ్లుంటే సుమారు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. పై అంతస్తు నల్లాకీ ట్యాంకుకీ మధ్య మహా అయితే రెండు మూడు మీటర్లు, అంటే 0.2, 0.3 బార్. ఆ కాస్త బలంతో నీళ్లు గాలిని తోసుకుని రాలేవు. కింది అంతస్తుకు ట్యాంకు నుంచి ఎత్తు ఎక్కువ కాబట్టి అక్కడ వస్తాయి. "ట్యాంకుకు దగ్గరున్న మాకు రావు, కింద అద్దెకున్నవాళ్లకు వస్తాయేంటి?" అని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

గాలేనా, ఇంకేమన్నానా అన్నది ముందు తేల్చుకోవాలి. నల్లా తిప్పగానే తుప్పుతుప్పుమని ఉమ్మి, గుడగుడమని ఆగిపోతే గాలి. నెలల తరబడి ధార సన్నబడుతూ వస్తే అది బోరు నీళ్ల ఉప్పు. నల్లా మూతి దగ్గరి జాలీ విప్పి చూడండి, తెల్లగా గట్టిగా పేరుకుని ఉంటుంది. ఇంట్లో ఎక్కడా వేడినీళ్లు లేకపోతే సోలార్‌కు చన్నీళ్లు పోయే వాల్వు ఎవరో కట్టేసి మరిచిపోయి ఉంటారు. ముందు చల్లగా వచ్చి తర్వాత వేడెక్కితే అసలు జబ్బే లేదు. ముప్పావు ఇంచీ సీపీవీసీ (వేడినీళ్లకు వేసే ప్లాస్టిక్) పైపులో మీటరుకు పావు లీటరు నీళ్లు నిలిచి ఉంటాయి. ఇరవై మీటర్ల లైనైతే అయిదు లీటర్ల చన్నీళ్లు పోవాల్సిందే.

ఇప్పుడు పని. సోలార్‌లో కరెంటు హీటర్ ఉంటే కరెంటు బోర్డులో దాని స్విచ్చి (ఎంసీబీ) దించండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండుగా ఉండాలి, సోలార్‌కు పోయే వాల్వు పూర్తిగా తెరిచి ఉండాలి. సోలార్ ట్యాంకు కూడా ఖాళీ అయి ఉంటే, గాజు గొట్టాలున్న రకమైతే మాత్రం, ఎండలో అస్సలు నింపొద్దు. ఉత్తి గొట్టాలు ఎండకు కాగి ఉంటాయి, చన్నీళ్లు తగిలితే పగులుతాయి. తెల్లవారుజామున, పొద్దు పొడవకముందే నింపండి.

తర్వాత సోలార్ ట్యాంకు మీద నిలువుగా ఉండే గాలి గొట్టం చూడండి. దాని కొస ఓవర్‌హెడ్ ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తులో ఉండాలి, తెరిచి ఉండాలి. దానికి వాల్వు పెట్టడం, గుడ్డ కుక్కడం మహా పాపం. లోపలికి గాలి ఆడకపోతే ట్యాంకు సొట్టపోతుంది. కందిరీగలు మట్టిగూడు కట్టి మూసేసిన గొట్టాలు నేను చూశాను.

అది సరిగా ఉంటే అన్నిటికన్నా కింద ఉన్న నల్లాతో మొదలుపెట్టండి. జాలీ తీసేసి, వేడినీళ్ల వైపు పూర్తిగా తిప్పి వదిలేయండి. ఉమ్మడం ఆగి ధార ఒకే లావున పడేదాకా కట్టొద్దు. బకెట్లు పెట్టి నీళ్లు పట్టుకోండి, బట్టలకు పనికొస్తాయి. ఆ తర్వాత పై అంతస్తు, ఆ తర్వాత దాని పైది. చాలామటుకు ఇక్కడితోనే అయిపోతుంది.

కాకపోతే వెనక్కి తోయాలి. చన్నీళ్లకు ప్రెషర్ పంపు ఉంటే ఆపేయండి; గాజు గొట్టాల సోలార్ ట్యాంకు ఆ ఒత్తిడికి చేసింది కాదు. రాని బాత్రూములో వాల్ మిక్సర్ దగ్గర నిలబడండి. తువ్వాలు నాలుగు మడతలు వేసి తడిపి, నల్లా మూతికి అదిమి పట్టుకోండి. ముందు చన్నీళ్ల పిడి తిప్పండి. తర్వాత వేడినీళ్ల పిడి మెల్లగా తిప్పండి. బయటికి దారి లేక చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి ఎదురెక్కి, గాలిని మేడ మీదికి తరుముతాయి. అరచేతికి ముందు చిన్న వణుకు తెలుస్తుంది, గోడలో గుడగుడ పైకి పాకుతున్నట్టు వినిపిస్తుంది, కాసేపటికి చప్పుడు ఆగిపోతుంది. అప్పుడు చన్నీళ్లు కట్టేసి, చెయ్యి పక్కకు తీసి చూడండి. మొదట చల్లగా, వెనకే వేడిగా వస్తాయి. జాగ్రత్త, మంచి ఎండ కాసిన రోజు ఆ నీళ్లు చర్మం ఊడేంత వేడిగా ఉంటాయి. పిల్లల్ని దగ్గరికి రానీయకండి. మేడ మీద మనిషి ఉంటే గాలి గొట్టానికి ఎడంగా నిలబడమనండి. వేడి లైనుకు ఎన్‌ఆర్‌వీ (నాన్ రిటర్న్ వాల్వు) ఉంటే మాత్రం ఈ ఉపాయం పారదు, అది నీళ్లను వెనక్కి పోనివ్వదు. అప్పుడు పిట్టగోడ దగ్గరి యూనియన్ (పైపుల్ని కలిపే, విప్పదీసే జాయింటు) వదులు చేయాలి, దానికి ప్లంబర్‌ని పిలవండి.

ఏటా ఇదే తంటా వచ్చే ఇంట్లో నేను చేసేది ఒక్కటే. ఆ పిట్టగోడ వంపు నెత్తిన మూడు దారుల "T" జాయింటు వేసి, ఓవర్‌హెడ్ ట్యాంకు కంటే ఎత్తుగా ఒక సన్న పైపు నిలబెడతాను. గాలి దానంతట అదే పోతుంది. ఇక ట్యాంకు కడిగించేటప్పుడు సోలార్ నుంచి ఇంట్లోకి దిగే వాల్వు కట్టేసి, నల్లాలు కూడా కట్టి ఉంచి, ట్యాంకు నిండాక తెరిస్తే లైన్లో నీళ్లు అలాగే నిలుస్తాయి.

చలిదేశాల్లో గదులను వేడిచేసే రేడియేటర్లకూ ఇదే బాధ. పైభాగం చల్లగా, కిందిభాగం వేడిగా ఉంటే పైన గాలి ఉన్నట్టు. హీటింగ్ ఆపి, చల్లారాక, పై మూల ఉన్న మరను తాళంచెవి లాంటి దాంతో కొంచెం వదులు చేస్తే గాలి బుస్సుమని పోతుంది, నీటి చుక్క రాగానే బిగిస్తారు. వాళ్లూ కింది అంతస్తుతోనే మొదలుపెడతారు. ఆ తర్వాత బాయిలర్‌కు దగ్గరున్న రేడియేటర్ వాల్వు కుదించి, దూరంగా ఉన్నదాన్ని పూర్తిగా తెరుస్తారు. మనం పంచుకునే తీరు కూడా ఇంతే.

గాలి పోయాకే పంచడం మొదలుపెట్టాలి, ముందు చేస్తే లెక్కలన్నీ తప్పుతాయి. పండగపూట చుట్టాలొచ్చి మూడు బాత్రూముల్లో ఒకేసారి తలంట్లు మొదలైతే దగ్గరి బాత్రూము నీళ్లన్నీ లాగేసుకుంటుంది, చివరి గదిలో పెద్దాయన ఒంటినిండా నూనెతో చలికి వణుకుతూ కూర్చుంటాడు. అందుకని వేడినీళ్ల నల్లాలన్నీ ఒకేసారి తెరిచి, ఒక్కో దాని కింద పది లీటర్ల బకెట్ పెట్టి, నిండే సమయం ఫోన్లో చూసుకోండి. దగ్గరిది ఒక నిమిషంలో, చివరిది మూడు నిమిషాల్లో నిండిందనుకుందాం. చివరిదాని వాల్వు ముట్టుకోకండి, పూర్తిగా తెరిచే ఉంచండి. దగ్గరిదాని యాంగిల్ కాక్ (గోడ దగ్గర నల్లాకు నీళ్లు కట్టే చిన్న వాల్వు) కొంచెం కుదించండి, మళ్లీ అన్నీ కొలవండి. ఒకటి కదిపితే మిగతావన్నీ మారతాయి, అందుకే ఒకేసారి రెండు తిప్పొద్దు. అచ్చంగా సమానం కానక్కర్లేదు, తేడా పావు వంతుకు దిగితే చాలు. యాంగిల్ కాక్ లేకుండా గేట్ వాల్వే ఉంటే దాన్ని ఎక్కువకాలం సగంలో నిలపకండి, లోపలి పలక అరిగి తర్వాత పూర్తిగా కట్టినా నీళ్లు ఆగవు. యాంగిల్ కాక్ వేయించుకోండి.

అంతా కుదిరాక ప్రతి పిడి పక్కన గోడ మీద నెయిల్ పాలిష్‌తో గీత పెట్టండి. రేపు ఎవరో మిక్సర్ బాగు చేయడానికి వచ్చి కాక్ కట్టి, పోయేటప్పుడు మొత్తం తెరిచేసి పోతారు. గీత ఉంటే మళ్లీ అక్కడికే తెచ్చుకోవచ్చు.