ముందు మూత ఎక్కడుందో కనుక్కోండి

మా ఇంటి సెప్టిక్ ట్యాంకు మూత ఎక్కడుందో మాకే తెలియని రోజు ఒకటి వచ్చింది. రెండేళ్ల కిందట, ఆగస్టు వానల్లో. కింద బాత్రూమ్‌లో నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ జాలీలోంచి నల్ల నీళ్లు బుడబుడమని పైకి వస్తున్నాయి. ట్యాంకు ఖాళీ చేసే బండి గేటు ముందుకు వచ్చి ఆగింది. "మూత ఎక్కడమ్మా?" అన్నాడు డ్రైవరు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కారు వైపు చూశారు. కారు కింద గ్రానైట్, ఆ గ్రానైట్ కింద ఎక్కడో మూత. పోర్టికో అందంగా ఉండాలని మేమే ముచ్చటపడి వేయించిన రాయి అది. పగలగొట్టడానికి మేస్త్రీ దొరికేసరికి సాయంత్రమైంది. అప్పటిదాకా పై అంతస్తుల వాళ్లెవరూ కుళాయి తిప్పకుండా మెట్ల దగ్గర కూర్చుని కాపలా కాశాను.

మాది కోలారు జిల్లా శ్రీనివాసపురం. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఇక్కడ బెంగళూరులో వర్తూరు వైపు 30/40 అడుగుల సైటులో ఇల్లు కట్టుకున్నాం. కింద మేమిద్దరం, మొదటి అంతస్తులో ఒక కుటుంబం నలుగురు, రెండో అంతస్తులో ఏడుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు. 2007లో నగరంలో కలిపిన 110 ఊళ్లలో చాలాచోట్ల లాగే మా వీధికీ యూజీడీ, అంటే భూగర్భ మురుగు లైను, ఇంకా రాలేదు. అందరికీ సెప్టిక్ ట్యాంకులే. ఎవరి ట్యాంకు ఎంతుందో, చివరిసారి ఎప్పుడు తీయించారో అడిగితే ఒక్కరూ చెప్పలేరు. ఇప్పుడు మా లేఔట్‌లో 38 ఇళ్ల లెక్క నా దగ్గర ఒక నోటు పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం ఎలా నడుపుతున్నామో చెబుతాను.

మొదటి పేజీలో ఇంటి బొమ్మ. గేటు నుంచి ఎన్ని అడుగులు, కాంపౌండు గోడ నుంచి ఎన్ని అడుగులు అని టేపుతో కొలిచి మూతలు గుర్తించాలి. ట్యాంకులో రెండు గదులుంటే రెండు మూతలూ గుర్తించాలి. వాటి మీద టైల్స్, గ్రానైట్, పూలకుండీలు ఏవీ వద్దు. రాయి వేసే తీరాలంటే మూత వరకు విడిగా, కొక్కేలతో లేపేలా చేయించుకోండి. అదే బొమ్మలో నీళ్ల సంపు ఎక్కడుందో కూడా గీయండి. మన 30/40 సైట్లలో అసలు చిక్కు ఇదే. సంపూ ఇంటి ముందే, సెప్టిక్ ట్యాంకూ ఇంటి ముందే. నడుమ నాలుగడుగులు కూడా ఉండదు. సంపు గోడకు పగులుంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఏడాదికోసారి సంపు నీళ్లు, బోరు నీళ్లు ల్యాబుకు ఇచ్చి రెండే రెండు అడగండి. కోలిఫాం బ్యాక్టీరియా, నైట్రేట్. మొదటిది 100 మిల్లీలీటర్లలో అస్సలు ఉండకూడదు, రెండోది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ నైట్రేట్ పోదు. మా పక్క వీధిలో ఒకావిడ "మేం కాచుకునే తాగుతాం" అని ధీమాగా ఉండేది. రిపోర్టు చూశాక బోరు నీళ్లు తాగడం మానేసింది.

రెండో పేజీలో లెక్క. ఇక్కడ నా పాత వృత్తి కాస్త పనికొచ్చింది. సెప్టిక్ ట్యాంకులకు మన దేశంలో ఐఎస్ 2470 అనే ప్రమాణం ఉంది. అందులో పదిమందికి 2 మీటర్ల పొడవు, 0.9 మీటరు వెడల్పు, 1.4 మీటర్ల నీటి లోతు చెప్పారు. గుణిస్తే 2,520 లీటర్లు. మా ట్యాంకు సరిగ్గా ఈ కొలతే. కట్టినప్పుడు మేమూ ఒక కుటుంబమూ ఉంటామనే అనుకున్నాం. కుర్రాళ్లు వచ్చాక పదమూడు మందిమయ్యాం. స్నానం, వాషింగ్ మెషీన్ నీళ్లు కూడా అందులోకే పోతే మనిషికి వంద లీటర్లు వేసుకున్నా రోజుకు 1,300. అడుగున మూడో వంతు మడ్డి పేరుకుంటే మిగిలే చోటు 1,680 లీటర్లు. అంటే నీళ్లు ఒక రోజు, ఇంకాస్త సేపు నిలుస్తాయన్నమాట. ట్యాంకులో మురుగు కనీసం ఒక రోజైనా కదలకుండా నిలబడితేనే బరువైనది అడుగుకు దిగుతుంది, తేలికైనది తెట్టులా పైకి తేలుతుంది. ఆదివారం ఏడుగురు కుర్రాళ్లూ బట్టలు ఉతికితే ఆ ఒక్క రోజు కూడా నిలవదు. మీ ఇంట్లో ఎంతమంది, ట్యాంకు ఎన్ని లీటర్లు అని ఈ లెక్క ఒకసారి వేసుకోండి. అద్దెవాళ్లు మారినప్పుడల్లా మళ్లీ వేయాలి. మడ్డి మనిషికి ఏడాదికి సుమారు 40 నుంచి 70 లీటర్లు చేరుతుందని ఇంజనీర్ల లెక్క. దాని ప్రకారం మా ట్యాంకులో ఆ మూడో వంతు ఏడాదికో, ఏడాదిన్నరకో నిండాలి. మేం ఆరేళ్లు దాని ముఖమే చూడలేదు.

లెక్క ఎంత వేసినా చివరికి కర్ర చెప్పిందే నిజం. ఎనిమిదడుగుల కర్రకు కింది సగం పాత తెల్ల తువ్వాలు చుట్టి గట్టిగా కట్టండి. మూత తీసి పది నిమిషాలు దూరంగా నిలబడండి. తల లోపలికి వంచకూడదు, దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు, పక్కన ఇంకో మనిషి ఉండాలి, పిల్లలు ఉండకూడదు. లోపల మండే వాయువు మీథేన్ ఉంటుంది, ప్రాణం తీసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. ఈ రెండోది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, అందుకే "వాసన లేదు కదా" అని ధైర్యపడకూడదు. గ్లవుజులు వేసుకుని కర్రను మొదటి గదిలో నిదానంగా అడుగు తగిలేదాకా దించి, కాసేపు అలాగే ఉంచి, నిదానంగానే తీయండి. తువ్వాలు మీద నల్లగా చిక్కగా అంటుకున్నంత మేర మడ్డి, ఆ పైన తడిసిన భాగం నీళ్లు. మడ్డి మూడో వంతుకు వచ్చిందంటే బండిని పిలవాల్సిన వేళ అయినట్టే. మా 1.4 మీటర్ల లోతుకు 47 సెంటీమీటర్లు హద్దు. మొదటిసారి కొలిచినప్పుడు వచ్చింది 62. ఇప్పుడు ఆరు నెలలకోసారి కొలిచి తారీఖుతో రాస్తాను.

ఇక బండి. వానాకాలంలో ఇల్లంతా కంపు కొడుతుండగా పిలిస్తే వాళ్లు చెప్పిందే రేటు, దొరికిందే బండి. ఎండాకాలంలో, టెన్షన్ లేనప్పుడు పిలవండి. ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వానలకు నేలలో నీరు పైకి వచ్చిన రోజుల్లో దాన్ని పూర్తిగా ఖాళీ చేస్తే బోల్తా పడ్డ బిందెలా పైకి లేచి పైపులు విరుగుతాయి. ఫోన్లో నేను అడిగేవి ఇవి. బండి ఎన్ని లీటర్లు పడుతుంది, గొట్టం ఎంత పొడవు, గట్టిపడిన మడ్డిని కదిలించడానికి నీళ్ల జెట్ ఉందా, తీసింది ఎక్కడ పోస్తారు. చివరి ప్రశ్నకు చాలామంది నవ్వి ఊరుకుంటారు. నేను వదలను. నగర శివార్లలో కొందరు రైతులు అరటి, కొబ్బరి తోటల్లో గోతులు తీసి పోయించుకుంటారు. బాగా ఎండి, పాతబడితే ఎరువే, కాదనను. పచ్చిది తెచ్చి ఆకుకూరల మడిలోనో, రాత్రిపూట రాజకాలువలోనో (చెరువులకు పోయే పెద్ద వాననీటి కాలువ) వదిలితే మాత్రం ఒప్పుకోను. ఇలాంటి మడ్డిని శుద్ధి చేసే కేంద్రం దేవనహళ్లిలో 2015 నుంచి ఉంది. మడ్డిని నిలవబెట్టి, మడుల్లో ఆరబెట్టి, ఎరువుగా మారుస్తారు. అంటే చేయదలిస్తే దారి ఉంది. బండి నంబరు, తారీఖు, ఎన్ని లీటర్లు తీశారు, ఎక్కడికి తీసుకెళ్తున్నారు అని ఒక చీటీ మీద రాయించి సంతకం తీసుకోండి. చీటీ ఇవ్వని బండిని మా లేఔట్‌లో రెండోసారి పిలవడం మానేశాం. ఆర్నెల్లలో చీటీలు వాటంతటవే రావడం మొదలైంది.

మూత కోసం రాయి పగలగొట్టిన ఆ రోజు జరిగిన ఇంకో సంగతి చెప్పాలి. పైపైన నీళ్లు లాగేశాక అడుగున మడ్డి గట్టిగా ఉండి గొట్టానికి రాలేదు. బండితో వచ్చిన కుర్రాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, చొక్కా విప్పి "అమ్మా, బకెట్ ఇవ్వండి, దిగి తీసేస్తాను, అయిదు వందలు ఎక్కువివ్వండి" అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. వద్దని కేకేసి, మూతకు అడ్డంగా కుర్చీ వేసుకు కూర్చున్నాను. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సరంజామా లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారికే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. దింపినవాళ్లతో పాటు పని చేయించుకున్న ఇంటివాళ్లూ అందులోకి వస్తారు. ట్యాంకుల్లో, మురుగు కాలువల్లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ఈ చట్టం కోసం ఏళ్ల తరబడి పోరాడిన బెజవాడ విల్సన్ మా జిల్లాలోని కేజీఎఫ్‌లో పుట్టినవాడే. ఆయనకు మెగసెసే అవార్డు వచ్చిన 2016లో మా స్టాఫ్ రూములో దాని గురించి గొప్పగా మాట్లాడుకున్నాం. మా ఇంటి గేటు లోపల అదే పని జరగబోతుంటే తెలిసొచ్చింది ఆ మాటల విలువ. ఎవరైనా దిగుతానన్నా, దించుతానన్నా 14420కి ఫోన్ చేయండి. గట్టి మడ్డికి మందు నీళ్లే. జెట్‌తో కొట్టి, పలచన చేసి, మళ్లీ లాగాలి. గంట ఎక్కువ పట్టింది, డబ్బు కూడా ఎక్కువైంది, అంతే.

పూర్తిగా కడిగేసినట్టు ఖాళీ చేయించకండి, అడుగున కొంచెం మడ్డి ఉండనివ్వండి. తర్వాత పని చేసే సూక్ష్మజీవులకు అదే విత్తనం. అయిపోగానే ట్యాంకును మామూలు నీళ్లతో నింపండి. ఫినాయిలు, యాసిడ్ కుమ్మరించవద్దు. శానిటరీ ప్యాడ్లు, వెట్ వైప్స్, వాడిన నూనె పడకూడదు. బ్యాక్టీరియా పొడి అమ్మేవాళ్లు గేటు దాకా వస్తారు, నేను కొనలేదు. గాలి గొట్టం చివర దోమతెర కట్టండి, సగం దోమలు అక్కడే ఆగుతాయి.

ట్యాంకు నుంచి బయటికి వచ్చే నీళ్లు శుభ్రమైనవని చాలామంది అనుకుంటారు. కాదు. బరువు దిగిపోయిన మురుగు అంతే. అది సోక్ పిట్‌లోకి, అంటే నీళ్లు నేలలోకి ఇంకే గోతిలోకి పోవాలి. ప్రమాణం ప్రకారం ఆ గొయ్యి తాగే నీటి బావికి కనీసం 18 మీటర్లు, ఇంటికి 6 మీటర్లు దూరంగా ఉండాలి. మన సైటు మొత్తం పొడవే 12 మీటర్లు! అందుకే ఇక్కడ ఎక్కువమంది గుట్టుగా వాననీటి కాలువకు పైపు కలిపేస్తారు. మా వీధిలో తొమ్మిది ఇళ్లు అలాగే ఉండేవి, మాది తొమ్మిదో ఇల్లు. ఆ కాలువ పోయేది వర్తూరు చెరువుకు. 2015లో ఆ చెరువు మీద నుంచి రోడ్డు మీదికి నురగ ఎగిరిందని టీవీల్లో చూశారుగా. ఇదే నగరం వాడేసిన నీళ్లను శుద్ధి చేసి 2018 నుంచి కేసీ వ్యాలీ పథకంలో మా కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. మా తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా, "అక్కా, మీరు వదిలిన నీళ్లే మాకొస్తున్నాయి, కాస్త చూసి వదలండి" అని ఎగతాళి చేస్తాడు.

ఈ భారం తగ్గించే మార్గాల్లో అన్నిటికన్నా సులువైనది నీళ్లు విడగొట్టడం. టాయిలెట్ నీళ్లు ఒక్కటే ట్యాంకుకు పంపితే మనిషికి రోజుకు ముప్పై నలభై లీటర్లే. నా లెక్కలో 1,300 కాస్తా సుమారు 500కు దిగింది. ప్లంబరుకు రెండు రోజుల పని. స్నానం, మెషీన్ నీళ్లకు మూల సైటు వాళ్లు వేయించిన కంకర మడి చూసి నాకు ఆశ పుట్టింది. ముందు ఒక చిన్న తొట్టి, అందులో నురగ, పీచు ఆగుతాయి. తర్వాత కంకర నింపిన సిమెంటు మడి, ఐదుగురికి ఐదు చదరపు మీటర్లు. అందులో మెట్ట తామర నాటారు. నీటి మట్టం కంకర కిందే ఉండాలి, పైకి కనిపిస్తే దోమలు ఖాయం. అవతలి నుంచి వచ్చిన నీళ్లు కొబ్బరిచెట్టు మొదట్లోకి పోతాయి. వంటింటి సింకు నీళ్లు జిడ్డు ఆపే తొట్టి లేకుండా అందులో కలిపితే మాత్రం నెలలో కంకర జిగురు పట్టేస్తుంది. వాళ్లకు ఒకసారి అలాగే అయింది. వాననీటి ఇంకుడు గుంతనూ, సోక్ పిట్‌నూ ఒకటి చేయకండి, మా మేస్త్రీ ఆ సలహానే ఇచ్చాడు. మొదటిది బోరుకు మేలు చేసేది, రెండోది దూరం పెట్టాల్సింది.

యూజీడీ వచ్చిన వీధిలో ఉంటే ఇవేవీ పెద్దగా అక్కర్లేదు. బెంగళూరు జలమండలికి దరఖాస్తు పెట్టి కనెక్షన్ తీసుకోండి. సందేహాలకు 1916. లైను సెప్టిక్ ట్యాంకు గుండా కాకుండా నేరుగా కలపాలి. పాత ట్యాంకును ఖాళీ చేయించి, అడుగున కన్నాలు కొట్టించి, ఇసుకతోనో రాళ్లతోనో పూడ్చేయండి. దాన్నే కడిగి నీళ్ల సంపు చేసుకుందామనే తెలివి కొందరికి వస్తుంది, దయచేసి వద్దు. డాబా మీది వాననీళ్లను యూజీడీలో కలపకండి, కలిపితే వాన రోజున మ్యాన్‌హోళ్లు వీధిలో పొంగుతాయి.

పుస్తకం సంగతి మిగిలింది. ఒక్కో ఇంటికి ఒక పేజీ. ట్యాంకు కొలత, ఉంటున్న మనుషులు, కర్ర కొలత, చివరిసారి తీయించిన తారీఖు, చీటీ అతికించిన చోటు. మొదట్లో "మా ట్యాంకు సంగతి మీకెందుకు ఆంటీ" అన్నవాళ్లున్నారు. తప్పు పట్టలేదు, నా పేజీయే ముందు చూపించాను, 62 అని ఎర్ర పెన్నుతో రాసి ఉన్నది. తర్వాత, నాలుగిళ్లు కలిసి ఒకే రోజు బండి పిలిస్తే ఇంటికి ఆరువందలు తగ్గుతుందని తెలిసేసరికి అందరూ దారికొచ్చారు. కాలువకు పైపు కలిపిన తొమ్మిదిలో ఆరు మూసేశాం. మిగతా మూడు ఇళ్లకు సోక్ పిట్‌కు చోటే లేదు. వాళ్లకు యూజీడీ తొందరగా ఇవ్వమని అందరి సంతకాలతో, కొలతలతో సహా అర్జీ పెట్టాం. వట్టి మాటగా అడిగినప్పుడు తీసుకోని కాగితం, పట్టిక జత చేశాక తీసుకుని ముద్ర వేసి ఇచ్చారు.

తర్వాతి కొలత ఉగాది అయ్యాక వచ్చే ఆదివారం. కర్ర మా మెట్ల కిందే ఉంటుంది, కావలసినవాళ్లు తీసుకెళ్లండి. తువ్వాలు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.