హిమాలయాలకు కుటుంబంతో బయలుదేరే ముందు

హిమాలయాలకు వెళ్ళాలనుకున్న కుటుంబాలు సాధారణంగా మొదట విమాన టిక్కెట్లు చూస్తాయి, తరువాత హోటళ్ళు చూస్తాయి, ఆ పైన ఉన్న ఆరేడు రోజుల సెలవులో ఎన్ని చోట్లు చుట్టి రావచ్చో లెక్క వేసుకుంటాయి. ఇబ్బందులు మొదలయ్యేది ఈ లెక్క దగ్గరే. పర్వతాలలో మనుషులు అస్వస్థులు కావడానికి చలికంటే, లోయలకంటే పెద్ద కారణం తొందర. అందుచేత స్వెట్టర్లు సర్దడానికి చాలా ముందే ఒక కాగితం తీసుకుని, ఏ రాత్రి ఏ ఊళ్ళో పడుకుంటామో, ఆ ఊరు సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో వరుసగా రాసుకోవాలి. పగలు చూసి వచ్చే చోటు ఎత్తుకంటే రాత్రి నిద్రించే చోటు ఎత్తు ముఖ్యం.

సిమ్లా సుమారు 2,200 మీటర్లు, మనాలి సుమారు 2,050 మీటర్లు. ఈ ఎత్తుల్లో ఆరోగ్యంగా ఉన్నవారికి పెద్దగా తేడా తెలియదు. 2,500 మీటర్లు దాటాక పరిస్థితి మారుతుంది. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు, లద్దాఖ్‌లోని లేహ్ సుమారు 3,500 మీటర్లు, పాంగాంగ్ సరస్సు 4,200 మీటర్లకు పైన, ఖర్దుంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైన ఉన్నాయి. ఎంత పైకి వెళ్ళినా గాలిలో ఆక్సిజన్ పాలు 21 శాతమే ఉంటుంది. తగ్గేది గాలి ఒత్తిడి. లేహ్‌లో ఒక్కొక్క శ్వాసకు అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. పిల్లల సంచిలో పెట్టిన చిప్స్ ప్యాకెట్ అక్కడికి చేరేసరికి బుడగలా ఉబ్బి, ఎప్పుడు పగులుతుందా అన్నట్టు ఉంటుంది. పల్చటి గాలి అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి ఆ ప్యాకెట్ చాలు.

శరీరం ఈ మార్పుకు అలవాటు పడగలదు, కాని దానికి రోజులు కావాలి. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య పడక ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి పైకి వెళ్ళకుండా ఒక రోజు ఆగాలని వైద్యులు చెబుతారు. విమానంలో నేరుగా లేహ్ చేరేవారు ఈ నియమాన్ని మొదటి అడుగులోనే దాటేస్తారు కనుక, కనీసం రెండు పూర్తి రోజులు అక్కడే విశ్రాంతిగా గడపాలి. రోడ్డు మీద వెళితే ఈ సమస్య ఉండదని చాలామంది అనుకుంటారు, అది సగమే నిజం. శ్రీనగర్ నుంచి వచ్చేవారు కార్గిల్‌లో, అంటే సుమారు 2,700 మీటర్ల దగ్గర, ఒక రాత్రి ఆగి వస్తారు కనుక శరీరానికి కొంత వ్యవధి దొరుకుతుంది. మనాలి నుంచి బయలుదేరి అదే రోజు 4,200 మీటర్లకు పైనున్న సర్చూ గుడారాల్లో పడుకునేవారికి ఆ వ్యవధి దొరకదు. ఆ దారిలో కేలాంగ్‌లోనో జిస్పాలోనో ఆగడం మంచిది. పిల్లలూ పెద్దవాళ్ళూ కలిసి వెళుతున్నప్పుడు నేను శ్రీనగర్ దారినే సూచిస్తాను.

మేము లేహ్‌లో దిగిన రోజు సాయంత్రం బజారుకు వెళదామని అందరం సిద్ధమవుతుంటే, మా అత్తగారు "నాకేం లేదమ్మా, కాస్త నడుం వాలుస్తాను, మీరు పిల్లల్ని తిప్పి తీసుకురండి" అన్నారు. ఆవిడ పక్కన బల్ల మీద టీ కప్పు ముట్టుకోకుండా చల్లారిపోయి ఉంది. తలకు తువ్వాలు బిగించి కట్టుకున్నారు. అడగగా అడగగా, మధ్యాహ్నం నుంచి తల పగిలిపోతోందని, ఒకసారి వాంతి కూడా అయిందని, పిల్లల సరదా పాడవుతుందని చెప్పలేదని అన్నారు. మేము బజారుకు వెళ్ళలేదు, మరునాటి పాంగాంగ్ ప్రయాణం మానుకున్నాం, వాహనానికి కట్టిన అడ్వాన్సు పోయింది. మూడో రోజు ఉదయం ఆవిడే లేచి టిఫిన్ అడిగారు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు బాధను దాచుకుంటారు, అది వారి అలవాటు. కనుక పూటపూటా "తలనొప్పి ఉందా, ఆకలి వేస్తోందా, రాత్రి నిద్ర పట్టిందా" అని విడివిడిగా అడగాలి. "బాగున్నారా" అని అడిగితే బాగున్నామనే అంటారు.

తలనొప్పి, దానితోపాటు వికారం, ఆకలి లేకపోవడం, తల తిరగడం, నీరసం ఇవన్నీ ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ లక్షణాలు. ఎత్తైన చోటికి చేరిన ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత ఎక్కువగా బయటపడతాయి కనుక, దిగగానే హుషారుగా ఉన్నామంటే గండం గడిచినట్టు కాదు. లక్షణాలు ఉన్నంతవరకు ఇంకా పైకి వెళ్ళకూడదు. విశ్రాంతి తీసుకున్నా ఎక్కువవుతుంటే కిందికి దిగాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, ఛాతీ పట్టేసినట్టుండటం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదానికి గుర్తులు. నడక తూలడం, మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం మెదడు వాపునకు గుర్తులు. ఈ రెండింటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా చూద్దామనుకోకూడదు. ఆక్సిజన్ పెట్టించి, వైద్యుడిని పిలిపించి, రాత్రయినా సరే కిందికి దించాలి. ఆక్సిజన్ సిలిండర్ దారిలో ఊపిరి నిలబెడుతుంది గాని, కిందికి దిగడానికి బదులు కాదు.

మాటలు రాని పసిపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. ఊరికే చిరాకు పడటం, పాలు తాగకపోవడం, ఆటబొమ్మ ఇచ్చినా పట్టించుకోకపోవడమే వారి భాష. కొండదారి మలుపుల్లో పిల్లలకు వాంతులు కావడం మామూలే, కాని ఆ వాంతులు బండి దిగిన గంటా రెండు గంటల్లో తగ్గిపోతాయి. బండి ఆగి చాలాసేపైనా తగ్గకపోతే అది ఎత్తు వల్ల వచ్చినదిగానే భావించి నడుచుకోవాలి.

వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూసే ఆక్సీమీటర్‌లో, ఇంట్లో 97కీ 98కీ అలవాటు పడిన కళ్ళకు లేహ్‌లో 88 కనిపిస్తే గుండె జారిపోతుంది. ఆ ఎత్తులో అలాంటి అంకెలు చాలామందికి మామూలే, పైగా వేలు చల్లబడి ఉంటే పరికరం తప్పు చూపుతుంది. వేలిని వెచ్చబరిచి, ఒక నిమిషం ఆగి చూడాలి, అంకెకంటే మనిషిని ఎక్కువగా చూడాలి. ఎత్తుకు అలవాటు పడటానికి తోడ్పడే అసిటజోలమైడ్ మాత్రల గురించి బయలుదేరడానికి రెండు వారాల ముందే వైద్యుడిని అడగాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి తప్పక చెప్పాలి. మొదటి రెండు రోజులు మద్యం, నిద్రమాత్రలు ముట్టకూడదు.

గుండె జబ్బు, ఆస్తమా, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు వైద్యుడి అనుమతి లేకుండా ఈ ఎత్తులకు బయలుదేరకూడదు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు కనుక దాన్ని కారు డిక్కీలో వదలకుండా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేలా ఉంచుకోవాలి. రోజువారీ మందులు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టుకుంటే ఒకటి తప్పిపోయినా రెండవది ఉంటుంది.

హోటల్ గది గురించి ఎవరూ పెద్దగా చెప్పని జాగ్రత్త ఒకటి ఉంది. చలికి తలుపులూ కిటికీలూ బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకోవడం, గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజర్ వాడటం ప్రాణాంతకం, ఎందుకంటే వాటి నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. ఆ విషవాయువు వల్ల వచ్చే తలనొప్పీ వికారమూ అచ్చం ఎత్తు వల్ల వచ్చేవాటిలాగే ఉంటాయి, అందుకే మోసపోతాం. గదిలో ఉన్నవారందరికీ ఒకేసారి తల దిమ్మెక్కితే ముందు బయటి గాలిలోకి రావాలి, కారణం తరువాత వెతకవచ్చు. గదిలో దిగగానే గీజర్ కరెంటుదా గ్యాస్‌దా అని చూడండి. గ్యాస్‌దైతే బకెట్ నిండగానే దాన్ని కట్టేసి, తలుపు కాసేపు తెరిచి ఉంచి, ఆ తరువాతే పిల్లలకు స్నానం చేయించండి.

నదుల విషయంలో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ళ మీద ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. ఎండ కాస్తుండగా, వాన చినుకు లేకుండా నీరు నిమిషాల్లో పెరగడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. డ్యాముకు దిగువన నది మధ్య రాళ్ళ మీదికి వెళ్ళవద్దు, సైరన్ వినిపిస్తే చెప్పులు కూడా వెతుక్కోకుండా గట్టెక్కండి. మంచు కరిగే చోట్ల వాగులు ఉదయం మోకాలి లోతు ఉండి, మధ్యాహ్నానికి బండిని తోసేసే వడిని అందుకుంటాయి, కనుక వాగులు దాటే దారిలో తెల్లవారుజామునే బయలుదేరాలి.

ఇక కాలం సంగతి. జూన్ చివర నుంచి సెప్టెంబరు మధ్య వరకు హిమాచల్, ఉత్తరాఖండ్‌లలో కొండచరియలు విరిగిపడటం ఏటా ఉండేదే. కేదార్‌నాథ్ వరద 2013 జూన్ 16, 17 తేదీల్లోనే వచ్చింది, అంటే వర్షాకాలం మనం క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకున్న తేదీ కోసం ఆగదు. లద్దాఖ్‌లో వానలు తక్కువ అన్నది నిజమే, అయినా 2010 ఆగస్టులో లేహ్‌లోనే కుండపోత వాన కురిసి ఊళ్ళను బురదలో ముంచింది. జులై, ఆగస్టు తప్ప సెలవు దొరకని కుటుంబానికి నా సలహా ఒక్కటే: ఆ సంవత్సరానికి హిమాలయాల ప్రయాణం మానుకోండి. తప్పనిసరిగా వెళ్ళేవారు వాతావరణశాఖ హెచ్చరికలను ప్రతి ఉదయం చూసుకుని, రెడ్ అలర్ట్ ఉన్న రోజు గదిలోనే ఉండిపోవాలి.

అస్వస్థులను కిందికి దించవలసి వస్తే తప్ప రాత్రి ప్రయాణం వద్దు. డ్రైవరు ముందురోజు రాత్రి నిద్రపోయాడో లేదో అడిగి తెలుసుకోవడం మొహమాటపడవలసిన విషయం కాదు. చార్‌ధామ్ యాత్రకు రిజిస్ట్రేషన్, రోహ్‌తాంగ్‌కు వాహన అనుమతి, లద్దాఖ్ సరిహద్దు ప్రాంతాల అనుమతుల వంటివి ఇంటి దగ్గరే పూర్తి చేసుకోవాలి, ముద్రించిన ప్రతులు వెంట ఉంచుకోవాలి. జమ్మూకశ్మీర్, లద్దాఖ్‌లకు వెళ్ళేవారు కుటుంబంలో కనీసం ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ నంబరు ఉండేలా చూసుకోవాలి. ప్రీపెయిడ్ మీద ఆధారపడితే బయటివారికి అక్కడ సిగ్నల్ అందదు. రాత్రుల వారీగా రాసుకున్న ఆ మొదటి కాగితం నకలు ఒకటి, హోటళ్ళ ఫోన్ నంబర్లతో సహా, ఊళ్ళో ఉన్న బంధువులకు ఇచ్చి వెళ్ళాలి.

ఎత్తు పెరిగినకొద్దీ ఎండలోని అతినీల కిరణాల తీవ్రత పెరుగుతుంది, మంచు వాటిని తిరిగి ముఖం మీదికే కొడుతుంది కనుక పిల్లలకు కూడా నల్లకళ్ళద్దాలు తప్పనిసరి. తడిసిన సాక్సులు వెంటనే మార్చాలి.

తిరుగు ప్రయాణం టిక్కెట్టు తీసుకునేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. లేహ్ విమానాలు వాతావరణం బాగాలేకపోతే రద్దవుతాయి, కొండదారులు చరియలు పడి గంటల తరబడి మూసుకుపోతాయి. ఢిల్లీ నుంచి ఇంటికి వచ్చే విమానమో రైలో అదే రోజుకు తీసుకుంటే, ఆలస్యమైనప్పుడల్లా డ్రైవరును వేగంగా నడపమని మనమే తొందరపెడతాం. కాబట్టి చూడవలసిన చోట్లలో ఒకటి తగ్గించుకుని అయినా సరే, ఆ టిక్కెట్టును మరుసటి రోజుకు తీసుకోండి.