నవల గురించి నలుగురికీ చెప్పడం – 3వ పాఠం: ఎవరు చదవాలి, ఎవరు వదిలేయాలి

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారు కదా? ఈ ఏడాది మీకు బాగా నచ్చిన నవల కథను, ముగింపు బయటపెట్టకుండా నాలుగు వాక్యాల్లో రాయమన్నాను. ఆ కాగితం, ఒక ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకోండి.

ముందు కొట్టివేతలు. ‘తప్పక చదవాల్సిన’, ‘గుండెను పిండేసే’, ‘కింద పెట్టనివ్వని’... ఇవి ఎక్కడ కనిపిస్తే అక్కడ గీత గీసేయండి. ఏ పుస్తకానికి అతికించినా అతుక్కుంటాయి, అదే వాటితో చిక్కు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లోనో, జనవరిలో విజయవాడలోనో స్టాళ్ళ మధ్య నిలబడి “జేబులో ఐదొందలున్నాయి, ఏది కొనను?” అని ఫోన్ చేసేవాడికి ఈ మాటలు దేనికీ పనికిరావు.

మరి ఏం చెప్పాలి? నేను బోల్తా పడ్డ సంగతే చెప్తాను.

2024లో బుకర్ బహుమతి పొందిన సమంతా హార్వీ నవల ‘ఆర్బిటల్’ నాకు చాలా నచ్చింది. ఆ ఊపులో మా బావమరిదికి “అంతరిక్షం మీద అద్భుతమైన నవల” అని చెప్పి అంటగట్టాను. వాడికి థ్రిల్లర్లంటే ప్రాణం. నలభై పేజీలు చదివి ఫోన్ చేశాడు: “బావా, ఇంతకీ రాకెట్ ఎప్పుడు పేలుద్ది?” పేలదు. ఆ నవల్లో ఏదీ పేలదు. తప్పు పుస్తకానిదీ కాదు, వాడిదీ కాదు. నేను అబద్ధం చెప్పలేదు కానీ, చెప్పాల్సింది చెప్పలేదు.

ఇప్పుడైతే ఇలా రాస్తాను:

“ఆరుగురు వ్యోమగాములు, ఒక్క రోజు. ఆ రోజులో వాళ్ళ అంతరిక్ష కేంద్రం భూమిని 16 సార్లు చుట్టి వస్తుంది. కింద ఒక తుఫాను ఫిలిప్పీన్స్ వైపు కదులుతుంటే వీళ్ళు పైనుంచి చూస్తుంటారు, చూడటం తప్ప చేయగలిగింది లేదు. ఒకామెకు తల్లి పోయిందని కబురు వచ్చింది, దిగి వెళ్ళే వీల్లేదు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, ఇంట్లోవాళ్ళ ఆఖరి చూపుకి అందుకోలేకపోయినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కథ పరుగెత్తాలనుకుంటే మాత్రం వద్దు. ఇంగ్లీషులో 150 పేజీల లోపే.”

ఇందులో ‘అద్భుతం’ లేదు, గమనించారా? దాని బదులు తుఫాను ఉంది, తల్లి కబురు ఉంది. అసలు బరువంతా ‘వద్దు’ అన్న చోటే ఉంది. మనవాళ్ళు ఆ వాక్యం రాయడానికి మొహమాటపడతారు, రచయిత నొచ్చుకుంటారేమోనని. నా అనుభవంలో ఆ ఒక్క వాక్యం వల్లే మిగతావి నమ్ముతారు.

ఇక ‘ఈ ఏడాది నవలలు’ అన్నప్పుడు ఏ ఏడాది అని చాలామంది అడుగుతున్నారు. అచ్చయిన ఏడాదా, చదివిన ఏడాదా? దీని మీద ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. 2022లో మధురాంతకం నరేంద్ర ‘మనోధర్మపరాగం’ నవలకు కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆ ఏడాది పరిశీలించినవి 2016 నుంచి 2020 లోపు అచ్చయిన పుస్తకాలు. అకాడెమీయే అంత నిదానంగా ఉంటే మనకేం తొందర? చదివిన ఏడాదినే లెక్కలోకి తీసుకోండి, అచ్చయిన సంవత్సరం పక్కన వేయండి, చాలు.

ఈ వారం పని: మీ కాగితం పైన, మీకు తెలిసిన ఒక మనిషి పేరు రాయండి. అత్తయ్య కావచ్చు, ఆఫీసులో పక్క సీటు అమ్మాయి కావచ్చు. ఆ నాలుగు వాక్యాలనూ ఆ మనిషికి ఫోన్లో చెప్తున్నట్టు తిరగరాయండి. ఐదో వాక్యం ‘వద్దు’ది. ఎంత ఆలోచించినా ఐదోది తట్టకపోతే నవల మళ్ళీ తెరిచి, మీరు పేజీలు గబగబా తిప్పేసిన చోటు వెతకండి. అక్కడ దొరుకుతుంది.