ఓక్ పార్క్‌లో పాత అపార్ట్‌మెంట్ అద్దెకు తీసుకునే ముందు

షికాగోకు పడమర ఆనుకుని ఉన్న ఓక్ పార్క్‌లో చాలా అద్దె ఇళ్లు వందేళ్ల నాటి ఇటుక బిల్డింగుల్లోనే దొరుకుతాయి. ముందుగా హీటింగ్ ఖర్చు అద్దెలో కలిసిందో లేదో అడగండి. గదిని ఆవిరితో వేడిచేసే స్టీమ్ రేడియేటర్లయితే తరచూ కలిసే ఉంటుంది. ఒకే పైపున్న రేడియేటర్ వాల్వ్‌ను పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూసెయ్యాలి. సగం తిప్పి వదిలేస్తే లోపల నీళ్లు నిలిచి రాత్రంతా దడదడా కొడుతుంది.

1978కి ముందు కట్టిన ఇల్లయితే, లెడ్ పెయింట్ (పిల్లలకు హాని చేసే సీసం కలిసిన రంగు) గురించి తనకు తెలిసిందంతా ఓనర్ లీజు సంతకానికి ముందే రాసివ్వాలి. అది ఫెడరల్ చట్టం. పసిపిల్లలుంటే తప్పకుండా కిటికీ పైకెత్తి చూడండి: రెక్క రాసుకున్నప్పుడల్లా పెచ్చులూ పొడీ రాలేది ఆ గాడిలోనే.

కారుంటే పార్కింగ్ చోటు లీజులోనే రాయించుకోండి. రాత్రిపూట పర్మిట్ లేకుండా వీధిలో పెడితే టికెట్ పడుతుంది.